ఎస్సేకి పదాల లెక్కన డబ్బు అడిగే కన్సల్టెన్సీ: బెంగళూరు తల్లిదండ్రులూ జాగ్రత్త

నిన్న రాత్రి జరిగింది ఇది. కోపం ఇంకా తగ్గలేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు మన తెలుగువాళ్ల గ్రూపుల్లో అందరూ చెప్పుకునే ఆ అమెరికా అడ్మిషన్ల కన్సల్టెన్సీయే. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. మనవాళ్లే కదా అని జూలైలో వెళ్లాం. అమెరికాలో చాలా కాలేజీలకు ఒకే ఫారంతో దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో, పిల్లలు తమ గురించి రాసే ఎస్సేకి రెండు రేట్లు చెప్పారు: 500 పదాలకు 18,000, వెయ్యి పదాలకు 32,000. "పెద్దదైతేనే మీ అమ్మాయి గురించి వాళ్లకు పూర్తిగా తెలుస్తుంది మేడమ్" అన్నాడు కౌన్సెలర్. 32,000 కట్టేశాను.

పాప ఆ రోజే చెప్పింది. ఇంటికొస్తుంటే క్యాబ్‌లో ఫోన్ చూపించి, "అమ్మా, 650 పదాలు దాటితే తీసుకోరట, 250కి తగ్గకూడదట, కామన్ యాప్ సైట్‌లోనే ఉంది" అంది. "అంతమంది పిల్లల్ని పంపించిన ఆయనకు తెలియంది నీకు తెలుసా?" అని కసిరాను. నా కూతురి మాట నమ్మకుండా ఎవరి మాటో నమ్మాను. రాత్రంతా అదే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

తను మొదట కాగితం మీద రాసుకున్నది ఆరు వందల పదాల లోపే. 2024 ఎండాకాలంలో మా బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకున్నప్పుడు, ఏ బ్లాక్‌కి ఎన్ని నీళ్లు వెళ్తున్నాయో తను రోజూ నోటుబుక్‌లో రాసేది. వాచ్‌మన్ కుటుంబానికి రోజుకు నాలుగు బిందెలు కూడా అందట్లేదని ఆ లెక్కలోనే బయటపడింది. దాని గురించే రాసింది. చదివి నాకు కళ్లు చెమర్చాయి. కౌన్సెలర్ మాత్రం "పల్చగా ఉంది" అని రోబోటిక్స్ క్లబ్బు, ఒలింపియాడ్, అనంతపురంలో మా నాన్నగారి వేరుశనగ చేను, అన్నీ కలిపించాడు. మొత్తం 1,140 పదాలు. వాచ్‌మన్ కుటుంబం ఒక్క వాక్యానికి వచ్చింది.

నిన్న నవంబర్ 1, గడువు. చివరి ప్రతి మాకు పంపిందే రాత్రి తొమ్మిదిన్నరకు. పాప దాన్ని ఫారంలో పెడితే 650 దాటిందని ఎర్రగా చూపించింది, ముందుకు కదల్లేదు. నాలుగోసారికి ఫోన్ ఎత్తాడు. స్పీకర్‌లో పెట్టాను.

"650 దగ్గర కట్ చేసి పెట్టేయండి మేడమ్. చివరిదాకా ఎవరు చదువుతారు?"

పెద్దదైతేనే విలువ అని మా దగ్గర డబ్బు తీసుకున్న మనిషి అన్న మాట ఇది! పాప వింటోంది. మూడు నెలలుగా ఆయన చెప్పినట్టల్లా రాసి, మార్చి, మళ్లీ రాసిన పిల్ల. ఏడవలేదు. నా వైపు చూడను కూడా లేదు. మీరే సరిచేసి పంపండి అని అడిగితే, "వెయ్యి పదాలు అడిగారు, ఇచ్చాం. తగ్గించాలంటే ఎడిటింగ్ చార్జీ వేరే" అని పెట్టేశాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ పిల్ల ముందు అలా మాట్లాడినందుకు నేను క్షమించలేను.

తనే కూర్చుని కోసింది. 11:50కి పంపింది, 648 పదాలు. కానీ అతుకులు కనిపిస్తూనే ఉన్నాయి. తన మొదటి కాగితాలు వాళ్ల ఆఫీసు ఫైల్లో ఉండిపోయాయి, అవి ఉంటే వాటినే పంపేది.

డబ్బు కట్టే ముందు ఆ ఫారం మీరే తెరిచి చూడండి, ఉచితమే, హద్దు అక్కడే రాసి ఉంటుంది. 650 నింపి తీరాలని కూడా లేదు, 500లో విషయం వచ్చేస్తే చాలు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లకైతే ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాల లోపు. బ్రిటన్ యూనివర్సిటీలకు దరఖాస్తు చేసే యూకాస్‌లో పదాలు కాదు, ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలు. పదానికింత అని ఎవరైనా రేటు చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కాలిఫోర్నియావి పాప ఎవరి సాయం లేకుండా రాసుకుంటోంది. రేపు ఉదయం నేను ఆ కాగితాలు తెచ్చుకోవడానికి వెళ్తున్నాను. వాళ్ల దగ్గర డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కలిసి వెళ్దాం.