ఎమ్మెస్సీ కెమిస్ట్రీ తర్వాత ఫార్మా ఉద్యోగమా, పీహెచ్‌డీనా?

ఫైనల్ సెమిస్టర్ మొదలైందంటే చాలు, జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న: “అక్కా, కంపెనీలో చేరమంటావా, పీహెచ్‌డీకి వెళ్లమంటావా?” నేను రెండూ చేశాను. ఎమ్మెస్సీ ఆర్గానిక్ అవగానే రెండేళ్లు ఒక ఫార్మా కంపెనీ ఆర్ అండ్ డీ (పరిశోధన విభాగం)లో ఉన్నాను. ఆ తర్వాత నెట్ పరీక్ష రాసి, జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరాను.

ముందు డబ్బు సంగతి. “ఇంకా చదువేమిటి, సంపాదించేది ఎప్పుడు?” అని ఇంట్లో అడుగుతారు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు ఆ దిగులు అక్కర్లేదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ. 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే రూ. 42,000. ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) అదనం. జీడిమెట్లలోనో పరవాడలోనో కొత్తగా చేరిన ట్రైనీ కెమిస్ట్‌కు, నేను చూసినంతలో, అందులో సగానికి కాస్త అటూ ఇటూగా వస్తోంది. జేఆర్‌ఎఫ్ లేకపోతే లెక్క తిరగబడుతుంది. సెంట్రల్ యూనివర్సిటీలో నెట్ ఫెలోషిప్ లేనివాళ్లకు ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ నెలకు రూ. 8,000. రాష్ట్ర యూనివర్సిటీల్లో చాలామందికి అదీ లేదు. 2024 నుంచి నెట్‌లో ‘పీహెచ్‌డీ అడ్మిషన్‌కు మాత్రమే’ అనే కేటగిరీ వచ్చింది. క్వాలిఫై అయ్యామన్న సంతోషంలో కొందరు దాన్నీ జేఆర్‌ఎఫ్‌లాగే చూస్తున్నారు. అందులో ఫెలోషిప్ లేదు, ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్లు ముందు ఉద్యోగంలో చేరి, పక్కన నెట్ రాయండి.

ఉద్యోగం నాకు చాలా నేర్పింది. పాత పరిశోధన పేపర్లు చూసి, ఒక పదార్థాన్ని ఏయే మెట్లలో తయారుచేయాలో రూట్ వేసుకోవడం, ఏ రోజు నోట్‌బుక్ ఆ రోజే రాయడం అక్కడే అలవాటయ్యాయి. కానీ ఏ డిపార్ట్‌మెంట్‌లో చేరుతున్నారో చూసుకోండి. క్యూసీ (నాణ్యత పరీక్షల విభాగం)లో మూడేళ్లు హెచ్‌పీఎల్‌సీ అనే విశ్లేషణ యంత్రం ముందు పనిచేశాక, కొత్త పదార్థాలు తయారుచేసే సింథసిస్‌లోకి మారడం కష్టం. అనలిటికల్ (విశ్లేషణ) పని ఇష్టమైతే మాత్రం క్యూసీ మంచి దారే. నన్ను మళ్లీ పుస్తకాల దగ్గరికి పంపింది వేరే విషయం. మా టీమ్‌లో పదేళ్ల అనుభవమున్న ఎమ్మెస్సీ సీనియర్ ఒకాయన ఉండేవారు. ఆయన వేసిన రూట్‌కు కొత్తగా వచ్చిన డాక్టరేట్ ఒప్పుకుంటేనే పని మొదలయ్యేది. అది చూసి చాలా బాధ కలిగింది.

అయితే పీహెచ్‌డీ విషయంలో అన్నిటికన్నా ముఖ్యం గైడ్. యూనివర్సిటీ పేరు, టాపిక్, ఊరు అన్నీ ఆ తర్వాతే. మీ ఐదేళ్లు ఒక మనిషి చేతిలో పెడుతున్నారు. మన దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో గైడ్ పేరు కొట్టి వెతకండి, ఎంతమంది థీసిస్ పూర్తిచేశారో, ఎప్పుడెప్పుడు చేశారో తెలుస్తుంది. పేపర్లలో మొదటి పేరు స్కాలర్‌దేనా చూడండి. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు యూజీసీ నిబంధనల ప్రకారం కొత్త స్కాలర్లను తీసుకోకూడదు, అదీ కనుక్కోండి. ఆ తర్వాత ల్యాబ్‌కు వెళ్లి, గైడ్ లేనప్పుడు స్కాలర్లతో మాట్లాడండి. కెమికల్స్‌కు ఆర్డర్ పెడితే ఎన్నాళ్లకు వస్తాయి? పేపర్ డ్రాఫ్ట్ ఇస్తే ఎన్ని నెలలకు చూస్తారు? ఆరోగ్యం బాగోలేదంటే సెలవిస్తారా?

నాకు మొదట సీటు వచ్చింది పేరున్న ల్యాబ్‌లో. అక్కడ ఏడో ఏడు నడుస్తున్న ఒక అక్క కారిడార్‌లోకి తీసుకెళ్లి, “నీకు ఇంకో దారి ఉంటే వెళ్లిపో” అంది. ఆమె కళ్లు చూశాక ఇంకేమీ అడగాలనిపించలేదు. ఆ సీటు వదులుకుని, అంత పేరు లేని చోట చేరాను. నాలుగున్నరేళ్లకు థీసిస్ సబ్మిట్ చేశాను. ప్రయోగం ఫెయిలైన రోజు కూడా మా గైడ్ దగ్గరికి భయం లేకుండా వెళ్లగలిగాను.

బీఈడీ, సెట్ (రాష్ట్ర స్థాయి లెక్చరర్ అర్హత పరీక్ష) రాసి లెక్చరర్ అవడం, గ్రూప్స్ లాంటివీ అడుగుతున్నారు. పాఠం చెప్పడం నిజంగా ఇష్టమైతే బీఈడీ చేయండి. సెట్ అర్హత మాత్రమే ఇస్తుంది, ఫెలోషిప్ ఇవ్వదు. గ్రూప్స్ గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు.

జేఆర్‌ఎఫ్ చేతిలో ఉండి, స్కాలర్లు మంచి మాట చెప్పే గైడ్ దొరికితే నేను పీహెచ్‌డీ వైపే. జేఆర్‌ఎఫ్ లేకపోతే ఆర్ అండ్ డీలో చేరి, జనరల్ అబ్బాయిలకు జేఆర్‌ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి ఉందని గుర్తుపెట్టుకుని ఏడాదికి రెండుసార్లూ నెట్ రాయండి. జేఆర్‌ఎఫ్ ఉన్నా సరైన గైడ్ దొరకకపోతే కంగారుపడి సంతకం పెట్టకండి. అవార్డ్ లెటర్ మీద గడువు చూసుకుని, ఆలోపు ఇంకో నాలుగు ల్యాబ్‌లు తిరగండి.