నల్లగొండ వారికి జాగ్రత్త: క్యాన్సర్ రోగుల ధ్యాన శిబిరంలో మాకు జరిగింది

మా అక్కకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయింది, హైదరాబాద్‌లో కీమో నడుస్తోంది. మూడో కీమో తర్వాత ఆమెకు నిద్ర కరువైంది. తెల్లవారుజామున మూడింటికి లేచి, లైటు వేయకుండా వంటగదిలో కూర్చునేది. మానసిక వైద్యుడు ఒక మాత్ర రాసి, రోజూ కాసేపు ధ్యానం కూడా చేయమన్నారు. సరిగ్గా అప్పుడే మా పట్టణంలో ‘క్యాన్సర్ వారికి ప్రత్యేక ధ్యాన శిబిరం’ అన్న ఫ్లెక్సీ కనిపించింది. ఇరవై ఒక్క రోజులకు 18,000 రూపాయలు. కట్టాం.

మొదటి వారం మేలే జరిగింది, అది దాచను. ఊపిరి మీద ధ్యాస నిలపడం నేర్పారు. ఆరో రోజు రాత్రి అక్క తెల్లారేదాకా పడుకుంది. పొద్దున్నే బావ ఆ సంగతి చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ నమ్మకంతోనే తర్వాత జరిగినవేవీ మేం పట్టించుకోలేదు.

రెండో వారంలో గురువు ఒక్కొక్కరినీ విడిగా పిలిచి మాట్లాడాడు. ‘అమ్మా, ఎవరి మీదో కోపం లోపలే దాచుకున్నావు. అదే గడ్డ కట్టింది’ అన్నాడట అక్కతో. ఆ రోజు నుంచి ఆమె తన కోపాలన్నీ తవ్వుకోవడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ల కిందట అత్తగారితో గొడవ, పొలం పంపకాలప్పుడు నాతో వచ్చిన మాట, ఏదీ వదల్లేదు. ఒక రాత్రి ఫోన్ చేసి, ‘అప్పుడు నిన్ను అన్నందుకే నాకిది వచ్చిందేమో, మనసులో పెట్టుకోకు’ అని ఏడ్చింది. పోయిన డబ్బు కంటే ఈ మాటే నన్ను ఎక్కువగా కోస్తోంది. దిగులు తగ్గుతుందని చేర్పించిన చోట, జబ్బుకు తనే కారణమన్న కొత్త దిగులు అంటగట్టారు. కోపం దాచుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందనడానికి రుజువు లేదు. ఆ మాట క్యాన్సర్ డాక్టరు నోట చెప్పిస్తే గాని అక్క నమ్మలేదు.

మాత్రలు ధ్యానానికి అడ్డు వస్తాయని కూడా చెప్పారు. మాకు తెలియకుండా అక్క మనసు మాత్ర మానేసింది. ఉన్నట్టుండి ఆపేయడంతో నాలుగు రోజులకే తల తిరగడం, ఊరికే ఏడుపు. శిబిరం మధ్యలోనే నాలుగో కీమో పడింది. అది అయిన తొమ్మిదో రోజు 101 డిగ్రీల జ్వరం వచ్చింది. ‘లోపలి విషం బయటికి పోతోంది, మంచిదే’ అన్నారు నిర్వాహకులు. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య సాధారణంగా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీలకు చేరిన జ్వరాన్ని అత్యవసరంగా చూడాలి, తెల్లారేదాకా ఆగకూడదు. బావ వారి మాట వినకుండా కారు మాట్లాడుకుని రాత్రికి రాత్రే హైదరాబాద్ తీసుకెళ్లాడు. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఐదో కీమో వారం వెనక్కి పోయింది.

డబ్బు తిరిగి అడిగితే రసీదు చూపించారు. దాని మీద ‘విరాళం’ అని ఉంది. కట్టేటప్పుడు మేం చూసుకోలేదు. ఉచితంగా చేసే సేవ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదు, ఆ మాట రాయడం అందుకేనని నా అనుమానం. ‘శిబిరం ఫీజు’ అని వారు పంపిన వాట్సాప్ సందేశం మా దగ్గర భద్రంగా ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాం, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాం.

ధ్యానం మీద నాకు కోపం లేదు. క్యాన్సర్ రోగుల ఆందోళన, కుంగుబాటు తగ్గడానికి చికిత్స జరిగేటప్పుడూ, ముగిశాక కూడా మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ఈ క్షణం మీద ధ్యాస నిలిపే ధ్యానం) పద్ధతులు వాడవచ్చని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో 2023లో సిఫారసు చేసింది. ఇలాంటి పద్ధతుల్లో పేరున్నది 1979లో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ. అది మనసుకు ఊతం, గడ్డకు మందు కాదు.

ఎవరైనా ఇలాంటి శిబిరంలో చేరేముందు, మందులు మానమంటారా అని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. ఎక్కువ ఫీజు తీసుకునేవారే బాగా నేర్పుతారని అనుకోకండి. మన నాగార్జునసాగర్‌లోని విపశ్యన కేంద్రంలో పది రోజుల శిక్షణకు ఫీజే లేదు. అయితే రోజుకు పది గంటలు కూర్చునే అలాంటి శిక్షణకు కీమో మధ్యలో డాక్టరును అడగకుండా వెళ్లవద్దు. రాత్రివేళ మనసు తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అక్క మళ్లీ మాత్ర వేసుకుంటోంది. సాయంత్రం పెరట్లో కుర్చీ వేసుకుని పది నిమిషాలు ఊపిరి గమనిస్తుంది. ఆ శిబిరంలో కీమో మధ్యలో ఉన్నవారు ఇంకా నలుగురున్నారని చెప్పింది. వారి ఇంటివారెవరైనా ఇది చదువుతుంటే, ఈ రాత్రే జ్వరం చూడండి, డబ్బాలో మాత్రలు లెక్కపెట్టండి.