కడియం ఎండలో టింటెడ్ సన్‌స్క్రీన్: కొన్నేళ్ళ వాడకం తర్వాత నా అభిప్రాయం

కడియం నర్సరీల్లో పని చేసేవారికి ఎండను తప్పించుకునే వీలు లేదు. మొక్కలకు నీరు పెట్టించడం, సంచులు మార్పించడం, వచ్చిన బేరగాళ్ళను మడుల వెంట తిప్పి చూపించడం, లారీలకు ఎత్తించడం అన్నీ ఆరుబయటే జరుగుతాయి. రెండో కాన్పు సమయంలో నా బుగ్గల మీద వచ్చిన మంగు ఆ తర్వాత కూడా పోకుండా ప్రతి వేసవికీ ముదురుతూ రావడంతో, చర్మవ్యాధుల వైద్యురాలి సలహా మేరకు ఐరన్ ఆక్సైడ్ అనే రంగుపొడి కలిసిన టింటెడ్ (చర్మపు ఛాయలో రంగు ఉన్న) సన్‌స్క్రీన్ వాడడం మొదలుపెట్టాను. ఎస్‌పీఎఫ్ (ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 50, పీఏ గుర్తు (చర్మాన్ని నల్లబరిచే యూవీఏ కిరణాల నుంచి రక్షణను చెప్పేది) పక్కన మూడు ప్లస్‌లు ఉన్న రకం అది. కొన్ని వేసవులు దాటిన తర్వాత, గోదావరి డెల్టా ఉక్కలో అది ఎంతవరకు పనికివచ్చిందో చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకు ముందు వాడిన, రంగు లేని మామూలు సన్‌స్క్రీన్ జెల్ తేలికగా ఉండేది, జిడ్డు అనిపించేది కాదు. దానితో మెడ, ముంజేతులు కమలడం తగ్గింది గాని మంగు మాత్రం అలాగే ఉండిపోయింది. దీనికి కారణం వైద్యురాలు చెప్పిన తర్వాతే అర్థమైంది. మన వంటి చామనఛాయ, నలుపు చర్మాల్లో అతినీలలోహిత కిరణాలే కాక కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును ముదురుస్తుంది. జెల్‌కు ఆ వెలుతురును ఆపే శక్తి చాలా తక్కువ, ఐరన్ ఆక్సైడ్‌కు ఆ గుణం ఉంది. టింటెడ్ రకానికి మారిన తర్వాత మంగు పూర్తిగా పోలేదు, పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అయితే వేసవి చివరికి ముదిరే అలవాటు ఆగింది, అంచులు పలచబడ్డాయి. నా వరకు ఇది పెద్ద మేలు.

లోపాలూ ఉన్నాయి. తెల్ల చున్నీకి, జాకెట్టు మెడకు గోధుమరంగు మరక అంటుకుంటుంది, సబ్బుతో వెంటనే ఉతికితే తప్ప వదలదు. అందరి ఛాయకూ సరిపడే రంగులు దొరకడం కష్టం. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. ఎందుకంటే ట్యూబు మీద రాసిన ఎస్‌పీఎఫ్‌ను చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి కొలుస్తారు. ఆ లెక్కన ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడవునా గీసినంత, అంటే ఇంచుమించు 1 గ్రాము కావాలి. రోజుకు రెండుసార్లు రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల తిరగకముందే అయిపోతుంది. పొదుపు కోసం బఠాణీ గింజంత రాసుకుంటే కొన్న ఎస్‌పీఎఫ్‌లో చాలా భాగం దక్కదు. ఎస్‌పీఎఫ్ 30 చర్మాన్ని ఎర్రబరిచే కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 అయితే సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. కాబట్టి పెద్ద అంకె కోసం డబ్బు పోసేకంటే, 30 ఉన్నదే కొని నిండుగా రాసుకోవడం మేలని నా గట్టి అభిప్రాయం. చెమట పట్టే మన వాతావరణంలో రెండు గంటలకొకసారి ముఖం తుడుచుకొని మళ్ళీ రాయక తప్పదు.

ఎప్పుడు రాయాలన్న విషయంలో వేడిని నమ్ముకోవడం సరికాదు. మన గడియారాలకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు దగ్గరగానే పోతుంది కనుక, ఇక్కడ పన్నెండు గంటలంటే సూర్యుడు నిజంగానే నడిమింట ఉంటాడు. ఉక్క, వడగాడ్పు రెండు, మూడు గంటలకు ముదిరినా, చర్మాన్ని నల్లబరిచే కిరణాలు అంతకు ముందే, పదకొండు నుంచి ఒంటిగంట మధ్య, గట్టిగా ఉంటాయి. రోహిణి కార్తెకు అందరం భయపడతాం గాని, డెల్టాలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వచ్చేది మే మొదటి పక్షంలో, మళ్ళీ ఆగస్టు మొదటి పక్షంలో. ఆగస్టులో మబ్బు పట్టి చల్లగా ఉంటుంది కనుక ఎవరూ ఏమీ రాసుకోరు. పలచని మబ్బు ఆ కిరణాలను పెద్దగా ఆపదు. నర్సరీలో మొక్కల మీద కట్టే యాభై శాతం గ్రీన్ నెట్ కూడా వెలుతురులో సగాన్ని లోపలికి వదులుతుంది, దాని కింద నిలబడినా రక్షణ అవసరమే.

ఎంత మంచి సన్‌స్క్రీన్ అయినా బట్ట తర్వాతే. ఒత్తుగా నేసిన ముదురు రంగు ఫుల్ హ్యాండ్స్ చొక్కాను చీర మీద వేసుకోవడం మా ఆడకూలీలకు ఎప్పటినుంచో అలవాటు, అది అన్నివిధాలా సరైన పద్ధతి. పలచని తెల్ల నూలు గుడ్డ హాయిగా ఉంటుంది గాని, చెమటకు తడిసి ఒంటికి అంటుకున్నప్పుడు కిరణాలను ఇంకా ఎక్కువగా లోపలికి వదులుతుంది. అందుకే నేను మారు చొక్కా ఒకటి దగ్గర ఉంచుకుంటాను. ముఖానికి నీడ పడేటంత వెడల్పు అంచు ఉన్న టోపీ, తలగుడ్డ మీద పెట్టుకున్నా సరే, తప్పనిసరి.

శనగపిండి నలుగు ఒంటిని శుభ్రం చేస్తుంది, కొబ్బరినీళ్ళు చల్లదనాన్ని ఇస్తాయి, ఎండను మాత్రం రెండూ ఆపవు. నిమ్మచెక్క రుద్దుకొని ఎండలోకి వెళ్ళడం ప్రమాదకరం, ఆ రసం తగిలిన చోట ఎండ పడితే చర్మం బొబ్బలెక్కి నెలల తరబడి నల్లమచ్చగా మిగులుతుంది. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది చీటీ లేకుండా కొని తెచ్చుకొని నెలల తరబడి రాసుకునే స్టెరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీములు. మొదట ముఖం తేటపడినట్లు ఉంటుంది, తర్వాత చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు వచ్చి, మానేయగానే మంట మొదలవుతుంది. అలా వాడుతున్నవారు ఉన్నపళాన మానకుండా వైద్యుల దగ్గరకు వెళ్ళి వారు చెప్పిన విధంగా తగ్గించుకోవాలి.

మంగు ఉన్నవారికి టింటెడ్ రకాన్ని సందేహం లేకుండా సూచిస్తాను. మంగు లేక, కమలడం మాత్రమే బాధ అయినవారికి మామూలు జెల్, నిండు చేతుల చొక్కా చాలు. ఏది కొన్నా ట్యూబును స్కూటర్ డిక్కీలో వదిలేయవద్దు. ఆ వేడికి మందు విడిపోయి, నీరు ఒకవైపు, ముద్ద ఒకవైపు అవుతుంది, అలా అయినదాన్ని పారేసి కొత్తది కొనుక్కోవాలి.