హంగర్ గేమ్స్ సెట్ కొనేవాళ్లు జాగ్రత్త: ‘సెకండ్ పార్ట్ విడిగా వస్తుంది’ అంటే నమ్మకండి

తిరుపతిలో ఒక కల్యాణ మండపంలో పెట్టిన పుస్తకాల సేల్‌లో 450 రూపాయలకు మూడు నవలల సెట్ కొన్నాను. ఆ మూడూ నకిలీవి. అది చాలదన్నట్టు, లేని నాలుగో పుస్తకానికి ఇంకో 200 అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఆ స్టాలే ఇప్పుడు చిత్తూరు వెళ్తోందని తెలిసి ఇది రాస్తున్నా.

మా పాప పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. తన స్నేహితురాళ్లంతా చదివేశారట, హంగర్ గేమ్స్ కావాలని ఒకటే పోరు. పన్నెండు జిల్లాలు, వాటిని అణిచిపెట్టే ఒక రాజధాని, ఏటా లాటరీ తీసి 24 మంది పిల్లల్ని ఒకరినొకరు చంపుకునే ఆటకు పంపడం... కథ వినగానే నాకు ఒళ్లు జలదరించింది. మనం తిరుమల సేవా టికెట్ల లక్కీ డిప్‌లో పేరు రావాలని మొక్కుకుంటాం, అక్కడ రాకూడదని మొక్కుకోవాలి. సరే, పిల్ల ఫోన్ వదిలి పుస్తకం పడితే అదే పదివేలు అనుకుని తీసుకెళ్లాను.

సెట్‌లో ఒక్కో పుస్తకానికీ విడివిడిగా ప్లాస్టిక్ కవరు గట్టిగా చుట్టి ఉంది. ఒకసారి విప్పి చూపించమంటే, “విప్పితే మళ్లీ ఎవరూ కొనరక్కా, ఒరిజినలే, ఇంటికెళ్లి చూసుకోండి” అన్నాడు కుర్రాడు. బిల్లు అడిగితే “బిల్లేస్తే జీఎస్టీ పడుతుందక్కా” అన్నాడు. అచ్చు పుస్తకాల మీద అసలు జీఎస్టీయే లేదు! ఇంట్లో లెక్కలన్నీ చూసేదాన్ని, ఆ మాత్రం అప్పుడు తోచలేదు. నగదే ఇచ్చాను.

మొదటి పుస్తకం జెరాక్స్‌కి జెరాక్స్ తీసినట్టు ఉన్నా పాప రెండు రాత్రుల్లో చదివేసింది. రెండో దాంట్లో 160వ పేజీ తర్వాత మళ్లీ 129 వచ్చింది. ఆ 32 పేజీలూ రెండుసార్లు ఉన్నాయి, తర్వాతి 32 లేనే లేవు. మధ్యలో ఏం జరిగిందో ఊహించుకుంటూ అదీ పూర్తి చేసింది. మూడోది 23వ అధ్యాయంలో, వాక్యం మధ్యలో ఆగిపోయింది. పేజీ తిప్పితే వెనక అట్ట! “అమ్మా, ఇంతకీ ఏమవుతుంది?” అని పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

మర్నాడే పట్టుకెళ్లాను. ఆ అబ్బాయి కాస్తయినా తడబడితే నాకు అనుమానం వచ్చేదేమో. “అది ఫస్ట్ పార్టేనక్కా. సినిమా రెండు పార్టులు రాలేదా? బుక్కూ అంతే. సెకండ్ పార్ట్ చెన్నై నుంచి తెప్పిస్తా, రెండొందలు అడ్వాన్స్ ఇచ్చి పోండి” అన్నాడు. ఆఖరి సినిమా నిజంగానే 2014లో ఒక భాగం, 2015లో ఒక భాగం వచ్చింది. పాప కూడా అవునంది. ఇచ్చేశాను.

ఆ రాత్రి చిత్తూరులో ఉన్న మా అక్క కూతురికి ఫోన్ చేస్తే తన దగ్గరున్న అసలు పుస్తకం వీడియోలో చూపించింది. మూడు పుస్తకాల్లోనూ 27 అధ్యాయాలు ఉంటాయి, మూడోదాంట్లో ఆ తర్వాత చిన్న ముగింపు కూడా ఉంటుంది. రెండుగా చీల్చింది సినిమా వాళ్లు, పుస్తకం ఒక్కటే. రచయిత్రి సుజాన్ కాలిన్స్ 2020లో ఒకటి, 2025లో ఒకటి రాశారు గానీ, ఆ రెండూ ఈ కథకు ముందు జరిగినవి. అవి చూపించి ‘మిగతా కథ’ అంటే తీసుకోవద్దు. ఇలాంటిదే ఇంకో మూడు నవలల సెట్, డైవర్జెంట్ కొనేవాళ్లూ చూసుకోండి. దాని మూడో పుస్తకాన్నీ రెండు సినిమాలుగా తీద్దామనుకున్నారు, 2016లో ఒక భాగం వచ్చి రెండోది రానే లేదు. ఇలాంటి కబుర్లకు అది ఇంకా అనువు.

మా వీధిలో ప్రెస్ నడిపే అన్నకి చూపిస్తే, ఫారాలు, అంటే కలిపి అచ్చేసి మడిచిన పేజీల కట్టలు, వరసగా పేర్చేటప్పుడు ఒకటే రెండుసార్లు పెట్టేశారని చెప్పాడు. పుస్తకం వీపు, అదే పేజీలు అతికించే అంచు, వంచి చూపిస్తే గమ్ము పెచ్చులుగా రాలింది. ఆ ప్లాస్టిక్ చుట్టే మిషను ఎవరైనా కొనుక్కోవచ్చట, కవరు ఉన్నంత మాత్రాన కొత్తదీ కాదు, అసలుదీ కాదు అన్నాడు. నేను గమనించనిది ఇంకోటి చూపించాడు: మూడు పుస్తకాల వెనకా బార్‌కోడ్ కింద ఒకటే నంబరు! 978తో మొదలయ్యే ఆ పదమూడు అంకెలు ఏ పుస్తకానికి ఆ పుస్తకానికి వేరుగా ఉండాలి. కవరు విప్పకపోయినా ఇది కనిపించేదే, చూసుంటే అక్కడే దొరికిపోయేవాడు. కవరు విప్పనిస్తే ఆఖరి అధ్యాయం నంబరు కూడా చూడండి. విప్పనివ్వకపోతే కొనకండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేద్దామంటే నా దగ్గర బిల్లు లేదు, ఫోన్‌పే చేసిన ఆనవాలు కూడా లేదు. వాడిచ్చిన నంబరు రింగవుతుంది, ఎత్తడు. కొసరు మాట, అక్క కూతురి పుస్తకం నిన్న మా మరిది చేత వచ్చింది. పాప 23వ అధ్యాయం నుంచి మొదలుపెట్టి భోజనానికి కూడా లేవలేదు.

ఇక్కడ సేల్ ఆదివారంతో ముగిసింది. స్టాలు ముందు పసుపు బ్యానరు, దాని మీద ‘ఏ పుస్తకమైనా 150’ అని ఎర్రక్షరాలు. చిత్తూరు వాళ్లూ, అది కనిపిస్తే ముందు పుస్తకం వెనక్కి తిప్పి నంబర్లు చూడండి.