నాలుగేళ్లుగా నా కుట్టుమిషన్ పక్కనే ఉన్న టైమర్

ఈ టైమర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని చప్పుడు. చివర్లో మోగే గంట కాదు, మోగేదాకా వినిపించే టిక్‌టిక్. నాలుగేళ్ల కిందట పాలకొల్లులో ప్లాస్టిక్ సామాన్ల కొట్లో కొన్నాను. వంటింట్లో వాడుకునే రకం, ఎర్రగా గుండ్రంగా ఉంటుంది. బ్యాటరీ ఉండదు, చేత్తో తిప్పాలి. చేయి పడేచోట రంగు వెలిసిపోయింది, అంకెల్లో 35 చెరిగిపోయింది. అయినా రోజుకి ఎనిమిది పదిసార్లు తిప్పుతూనే ఉన్నాను.

25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం, నాలుగు విడతలయ్యాక ఇంకాస్త ఎక్కువ విశ్రాంతి. పొమొడోరో పద్ధతి అంటే ఇంతే, చాలామందికి తెలిసిందే. ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో, కాలేజీలో చదువు మీద మనసు నిలవక, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ ముందు పెట్టుకుని మొదలుపెట్టాడట. వాళ్ల భాషలో పొమొడోరో అంటే టమాటా. నాకు చెప్పింది మా తమ్ముడు. వాడు బ్యాంకు పరీక్షలకి చదివేటప్పుడు ఫోన్లో పెట్టుకునేవాడు. నేనూ మొదట ఫోన్లోనే పెట్టాను గానీ కుదరలేదు. టైమర్ పెడదామని ఫోన్ తీసేసరికి ఎవరో ఒకరు వాట్సాప్‌లో మెడ డిజైన్ ఫొటో పంపి ఉంటారు. అది చూసి, జవాబిచ్చి, ఇంకో ఫొటో అడిగేసరికి పావుగంట అయిపోయేది.

నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. నరసాపురం వెళ్లే దారిలో, కాలువ గట్టున మా ఊరు. మా వారు రొయ్యల చెరువు చూసుకుంటారు. రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతాయి, నిద్రలో లేచి జనరేటర్ దగ్గరకి పరిగెత్తాలి. అందుకని ఆయన తిండికీ నిద్రకీ ఒక వేళంటూ లేదు. ఇంట్లో అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు. బయట కొట్టు పెట్టుకున్న టైలర్‌కి షట్టర్ ఉంటుంది, దించేస్తే సరిపోతుంది. నాకు అది లేదు. ఇంట్లోనే ఉంటుంది కదా అని అందరూ పిలుస్తారు. గ్యాస్ బండి వచ్చినా, పక్కింటివాళ్లకి పెరుగు తోడు కావాలన్నా, పిల్లాడి పెన్సిల్ కనపడకపోయినా నేనే లేవాలి. చంక దగ్గర సూది దించి ఉంచి లేచి వెళ్తే, తిరిగొచ్చేసరికి చేయి ముందుదో వెనకదో మళ్లీ చూసుకోవాలి. అలా లేచి వచ్చి ఒకసారి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేశాను. అది పట్టుచీర మీదకి కుట్టే జాకెట్టు, పెళ్లికూతురి తల్లిది. ఆ రాత్రి కుట్లు విప్పుతూ ఏడ్చాను.

టైమర్ నా కోసమే కొనుక్కున్నాను. అది ఇంట్లోవాళ్ల మీద పనిచేస్తుందని అనుకోలేదు. కొన్న వారానికి పక్కింటి పిన్నిగారు చీర ఫాల్ కోసం వచ్చారు. నేను లోపల మిషన్ మీద ఉన్నాను. లేవబోతుంటే వరండాలోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "కూర్చోండి వదినగారూ, అది ఇంకా కొట్టుకుంటోంది. మోగాక వస్తుంది."

నాకు చేతులు ఆగిపోయాయి. 'పనిలో ఉన్నానండీ, కాసేపు ఆగండి' అనే మాట ఆ ఇంట్లో పదేళ్లుగా నా నోటినుంచి రాలేదు. పెద్దవాళ్లతో అలా అనడం నాకు చేతకాదు, అంటే బాగుండదు కూడా. ఆ మాట నా బదులు టైమర్ చెప్పింది, పైగా అత్తయ్యగారి నోట చెప్పించింది. పిన్నిగారు కూడా ఏమీ అనుకోలేదు. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నారు. గంట మోగగానే నేను వెళ్లి ఫాల్ వేసిన చీర ఇచ్చి, టీ పెట్టి, అయిదు నిమిషాలు వాళ్లతో నవ్వుతూ మాట్లాడాను. అంతకుముందు అలా మాట్లాడేదాన్ని కాదు, మనసంతా మిషన్ మీదే ఉండేది.

మా చిన్నాడైతే టైమర్‌కి చెవి ఆనించి వినేవాడు. వాడికి అంకెలు ఇంకా రాని రోజులవి. ఎరుపు గీత ఎక్కడిదాకా వస్తే అమ్మ లేస్తుందో వేలితో చూపించేవాడు. ఫోన్లో టైమర్ ఎంత పెట్టినా పిల్లవాడికి అది కనపడదు, వినపడదు. చేతిలో ఫోన్ ఉన్న అమ్మ పనిలో ఉన్నట్టు ఏ పిల్లాడికీ అనిపించదు.

రెండో మేలు లెక్క. చిరిల్లో పద్ధతిలో పని మధ్యలో వచ్చే అడ్డంకులు రాసుకోవడం ఒకటి ఉంది. బయటివాళ్ల వల్ల ఆగితే చిన్న అడ్డగీత, మనకే మనసు మళ్లితే పైన కామాలాంటి గుర్తు. కొలతల పుస్తకం చివరి పేజీలో నేనూ పెట్టడం మొదలుపెట్టాను. అడ్డగీతలే ఎక్కువుంటాయనుకున్నాను. మొదటి వారం తర్వాత చూస్తే కామాలు దాదాపు వాటికి సమానంగా ఉన్నాయి. ఫోన్ వైపు చూడటం, బియ్యం కడిగానా అని గుర్తురావడం, ఎవరికో ఇవ్వాల్సిన బాకీ తలుచుకోవడం. అన్నిటికీ ఇంట్లోవాళ్లనే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. అప్పటినుంచి గుర్తొచ్చిన పని పక్కనున్న కాగితం మీద చాక్‌తోనే రాసేసి మళ్లీ కుట్టుకుంటున్నాను.

ఒక జాకెట్టుకి ఎన్ని గంటలు మోగుతాయో కూడా తెలిసింది. లైనింగ్ జాకెట్టుకి కటింగ్ ఒక విడత, కుట్టు మూడు. పైపింగ్, పాట్ నెక్ ఉంటే ఇంకొకటి. హుక్స్, హెమ్మింగ్ వేరు. ఇంటిపని పోను నాకు రోజుకి పది విడతలు దొరికితే గొప్ప. అంటే రెండు జాకెట్లు, ఏదో ఒక ఆల్టరేషన్. అంతకుముందు ఎవరడిగినా "ఎల్లుండి ఇచ్చేస్తానండీ" అనేదాన్ని. ఇప్పుడు పుస్తకం తెరిచి, చేతిలో ఉన్నవి లెక్కపెట్టి తారీకు చెబుతాను. సంక్రాంతి ముందు ఇద్దరు ముగ్గురు వేరేచోటికి వెళ్లిపోతారు, వెళ్లనీ. ఇచ్చిన తారీకుకి ఇస్తున్నాను, అర్ధరాత్రిళ్లు కూర్చోవడం తగ్గింది.

మొదటి ఏడాది కనపడిన ప్రతివాళ్లనీ ఇది కొనమన్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను.

25 నిమిషాలు అన్ని పనులకీ సరిపోవు. పట్టుగుడ్డ పరిచి, బోర్డర్ రెండు చేతులకీ సమంగా వచ్చేలా చూసుకుని, కత్తెర పెట్టే వేళకి గంట మోగితే గుండె ఝల్లుమంటుంది. పట్టు కటింగ్‌కి ఇప్పుడు 40 పెడుతున్నాను. హెమ్మింగ్‌కి అసలు పెట్టను, అది పిల్లల పక్కన కూర్చుని చేసుకునే పని. అయిదు నిమిషాల విరామం కూడా చాలాకాలం విరామం కాలేదు. ఆ అయిదు నిమిషాల్లోనే అంట్లు, స్టవ్ మీద పప్పు. మెడనొప్పి ఎక్కువయ్యాక రోజులో రెండు విరామాలైనా గట్టు దాకా నడిచి రావడానికి ఉంచుకున్నాను. కాలువలు కట్టేసే ఏప్రిల్, మే నెలల్లో గట్టు మీద చూడ్డానికి ఏమీ ఉండదు, అయినా వెళ్తాను.

ఇంకో సంగతి, 25 దగ్గరకి తిన్నగా తిప్పితే గంట నీరసంగా మోగుతుంది. ముందు 60 దాకా తిప్పి వెనక్కి తీసుకురావాలి. రెండో వానాకాలంలో 7 నిమిషాల దగ్గర బిగుసుకుపోయింది. గడియారాలు బాగుచేసే ఆయన విప్పి చూపించారు, లోపల చక్రాలకి గుడ్డ నూగు, స్ప్రింగ్‌కి తుప్పు. సముద్రం దగ్గర కదా, ఈ గాలికి ఏ ఇనుమూ ఆగదు. శుభ్రం చేసి చుక్క నూనె వేశారు. అప్పటినుంచి మిషన్‌తోపాటు దాన్నీ రాత్రిపూట గుడ్డ కప్పి పెడుతున్నాను.

నేను వెనక్కి తగ్గింది వీటివల్ల కాదు. నిరుడు శ్రావణమాసం, వరలక్ష్మీవ్రతానికి ముందురోజు. నా చేతిలో ఇంకా ఆరు జాకెట్లున్నాయి, సాయంత్రానికి ఇవ్వాలి. పిల్లలు స్కూల్లో, ఆయన చెరువు దగ్గర. గంట మోగగానే మంచినీళ్ల కోసం లేచి వరండాలోకి వచ్చాను. అత్తయ్యగారు మంచం మీద చెమటతో తడిసిపోయి, చేతులు వణుకుతూ ఉన్నారు. పొద్దున్న ఇన్సులిన్ చేసుకుని, ఇడ్లీ సగం తిని వదిలేశారట. నేను చూసుకోలేదు.

షుగర్ మిషన్‌లో చూస్తే 54. 70 కంటే దిగితే వెంటనే తీపి ఇవ్వమని, పావుగంట ఆగి మళ్లీ చూడమని డాక్టరుగారు ఎప్పుడో చెప్పి ఉంచారు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాను. ఆ పావుగంట చూసుకోవడానికి చేతికి దొరికింది కూడా అదే టైమర్. 15కి తిప్పి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ టిక్‌టిక్ నేను అంతసేపు వింటూ కూర్చోవడం అదే మొదలు. మళ్లీ చూస్తే 88 ఉంది. తేరుకున్నాక అడిగాను, ఎందుకు పిలవలేదండీ అని.

"అది కొట్టుకుంటోందిగా అమ్మాయ్. మోగాక పిలుద్దామని ఆగాను."

ఆ రోజు మిగతా జాకెట్లకి టైమర్ పెట్టలేదు. మూడు నెలల దాకా పెట్టలేదు. మళ్లీ దాన్ని తీసి ముందుపెట్టింది అత్తయ్యగారే. అది లేకపోతే నేను రాత్రిళ్లు కూర్చుంటున్నానని ఆవిడ బాధ.

కాబట్టి కొనమంటానా అంటే, ఇంట్లో కూర్చుని చేతిపని చేసుకునేవాళ్లకి, కాస్త అర్థం చేసుకునే పెద్దవాళ్లున్న ఇంట్లో, చాలా మేలు చేస్తుంది. చంటిపిల్లల తల్లికి పనిచేస్తుందని చెప్పలేను. మా ఆయన చెరువు పనికైతే పనికిరాదు, రొయ్యకి మేత వేళే వేళ. మంచం మీద మనిషిని చూసుకునేవాళ్లు మాత్రం నాలాగా ఇంట్లోవాళ్లకి అది ఎందుకు తిరుగుతోందో చెప్పి ఊరుకోకండి, ఎప్పుడు లెక్కచేయకూడదో కూడా చెప్పండి.

ఇప్పుడు అత్తయ్యగారి మంచం కోడుకి ఒక ఇత్తడి గంట కట్టాను. మా దొడ్లో దూడ మెడలో ఉండేది ఒకప్పుడు. అది మోగితే టైమర్ ఎంతలో ఉన్నా లేస్తాను. ఊరికే మోగించరాదని ఆవిడ మొహమాటపడితే, రోజుకి ఒకసారైనా ఊరికే మోగించమని ఒట్టు వేయించుకున్నాను.

నిన్న పదకొండింటికి మోగింది. వెళ్తే, కొబ్బరికాయలు దింపేవాళ్లొచ్చారు, మంచినీళ్లివ్వు అన్నారు. టైమర్‌లో ఇంకా 11 నిమిషాలున్నాయి. మధ్యలో లేస్తే ఆ విడత లెక్కలోకి రాదు, చిరిల్లో పెట్టిన నియమమే అది. పుస్తకంలో ఒక అడ్డగీత పెట్టి, వాళ్లకి నీళ్లిచ్చి, అత్తయ్యగారి పక్కన కాసేపు కూర్చుని వచ్చి, 60 దాకా తిప్పి మళ్లీ 25కి తెచ్చాను.