పాత ఆర్గో బిగ్‌ఫుట్: ఇంజిన్ శబ్దం విని కొనకండి

ఆరు చక్రాల పాత ఆర్గో బిగ్‌ఫుట్ ఒకటి 2,800 డాలర్లకి కొన్నాను. దాని మీద పెట్టిన ఖర్చు ఇప్పటికే కొన్న ధరని దాటిపోయింది. అయినా ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఆర్గో అంటే నేల మీదా నీళ్ల మీదా నడిచే బండి. కెనడాలో మేముండే కిచెనర్ పక్కనే, ఒంటారియోలోని న్యూ హాంబర్గ్‌లో తయారవుతుంది. 1962లో మొదలైన ఒంటారియో డ్రైవ్ అండ్ గేర్ కంపెనీది. మొదటి ఆర్గో 1967లో వచ్చింది. వేటకి వెళ్లేవాళ్లూ, అడవుల్లో కరెంటు లైన్లు చూసుకునేవాళ్లూ, చిత్తడి నేలల్లో సర్వే చేసేవాళ్లూ వాడతారు. కెనడా అంతరిక్ష సంస్థ కోసం రోవర్ల నమూనాలు చేసింది కూడా వీళ్లే. ఆ సంగతి చెప్పాకే మా అబ్బాయి ఫోను పక్కనపెట్టి స్పానర్ పట్టుకున్నాడు.

దీని చక్రాలు పక్కకి తిరగవు. మా తణుకు వైపు దమ్ము చేసే ట్రాక్టర్‌ని చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: డ్రైవరు ఒక పక్క బ్రేకు మాత్రమే తొక్కి మడి మూలలో బండిని గిర్రున తిప్పేస్తాడే, అదే పద్ధతి. హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఎడమ వైపు మూడు చక్రాలకీ బ్రేకు పడుతుంది, రెండు పక్కలకీ ఇంజిన్ బలం పంచే డిఫరెన్షియల్ ఆ బలాన్ని కుడి వైపుకి తోస్తుంది. అందుకని మలుపులో యాక్సిలరేటర్ వదలకూడదు, ఇంకాస్త ఇవ్వాలి. కారు అలవాటున్నవాళ్లకి ఇదే కష్టం. మా ఆయన మొదటిసారి నడిపి, మలుపు వచ్చిన ప్రతిసారీ బండి ఆపేసి, దిగిపోయి, ఇంక ఎక్కనన్నారు. గట్టి నేల మీద ఎక్కువగా తిప్పితే బ్రేకులు కాలిపోతాయి. ఈ బండికి మట్టీ బురదా గడ్డీ కావాలి.

ఇక కొనేటప్పటి సంగతి. అందరూ ఇంజిన్ స్టార్ట్ చేయించి, శబ్దం విని, తల ఊపుతారు. నా బండిలో ఉన్నది బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ వాన్‌గార్డ్, గాలితో చల్లబడే రెండు సిలిండర్ల ఇంజిన్, 18 హెచ్‌పీ. ఈ రకం ఇంజిన్లు పెద్ద గడ్డి కోసే యంత్రాల్లోనూ జనరేటర్లలోనూ ఉంటాయి కాబట్టి పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. కార్బురేటర్ విప్పి కడిగాను, పెట్రోలు గొట్టాలూ ప్లగ్గులూ మార్చాను, ఆయిల్ పోశాను. ఇంజిన్ కథ అంతే.

అసలు కథ యాక్సిళ్ల దగ్గర, అంటే చక్రాల ఇరుసుల దగ్గర. బండి అడుగు భాగం పడవలా ఒక తొట్టి. దాంట్లోంచి యాక్సిల్ బయటికి వచ్చే ప్రతి చోటా ఒక బేరింగూ, నీళ్లు లోపలికి రాకుండా ఆపే ఒక సీలూ ఉంటాయి. అలాంటి ఆరు కన్నాలూ నీటిమట్టం కిందే. ఇది బండా పడవా అని తేల్చేది ఆ సీళ్లే. కొనేముందు ఒక్కో చక్రాన్ని జాకీతో లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకలాడితే బేరింగ్ పోయినట్టే, దాని వెనక సీలు బతికుందని ఆశ పెట్టుకోకండి. నా దాంట్లో నాలుగు ఆడాయి. అది చూపించే బేరం చేశాను.

విప్పడం అంత సులువు కాదు. బేరింగుని పట్టి ఉంచే రింగులు, కాలర్లంటారు, తుప్పు పట్టి యాక్సిల్‌ని కరిచేస్తాయి. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయాలి, వేడి చేయాలి, అప్పటికీ రాకపోతే గ్రైండర్‌తో కోయాలి. కోసేటప్పుడు యాక్సిల్ మీద చిన్న గీత పడినా చాలు. కొత్త సీలు పెదవి ఆ గీత మీద కూర్చుంటే నీళ్లకి దారి మీరే ఇచ్చినట్టు. ఆన్‌లైన్లో ఒక దుకాణం ‘పూర్తి సెట్టు’ అని పంపినదాంట్లో సీళ్లు వేలితో నొక్కితే జారిపోయేంత వదులుగా ఉన్నాయి, వెనక్కి పంపేశాను. నా సలహా: బేరింగ్ మీద నంబరు చెక్కి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఫ్యాక్టరీలకి బేరింగులు అమ్మే షాపుకి వెళ్లండి, చౌకగా దొరుకుతాయి. సీళ్లు మాత్రం డీలర్ దగ్గర ఒరిజినల్వే కొనండి. అక్కడ పొదుపు పనికిరాదు. నీళ్లలోంచి బయటికొచ్చిన ప్రతిసారీ గ్రీజు గన్ను తీసి కొట్టాలి, పాత గ్రీజుతోబాటు చేరిన తేమ బయటికి వచ్చేస్తుంది.

గేర్‌బాక్సు నుంచి యాక్సిళ్లకి బలం అందించేవి చైన్లు. సాగిన చైనుని కొలవడం తేలికే: కొత్తప్పుడు 100 సెంటీమీటర్లున్న ముక్క 102 అయితే మార్చేయండి. చైను తిరిగే పళ్ల చక్రం, స్ప్రాకెట్, దాని పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే వాటినీ మార్చాలి, లేకపోతే కొత్త చైనుని అవే తినేస్తాయి. చైన్లకి వేసిన నూనె చిమ్మి తొట్టి అడుగున చేరుతుంది, అక్కడికే నీళ్లూ వస్తాయి. ఆ నీళ్లు బయటికి తోడే పంపు ఆన్ చేశారా, ఆ నూనెంతా చెరువులోకే. అందుకే నూనె పీల్చే గుడ్డ చుట్టలు పడవల సామాన్ల షాపులో కొని అడుగున పరిచాను. ఇది ఎవరూ చెప్పరు, కానీ మొదట చేయాల్సింది ఇదే.

తొట్టి హెచ్‌డీపీఈ ప్లాస్టిక్. పగిలితే ఎపాక్సీతోనో ఫైబర్‌గ్లాస్‌తోనో అతికించేద్దాం అనుకోకండి, దేన్నీ అంటనివ్వదు. పైపొర గీకి, వేడిగాలి గన్నుతో, అదే ప్లాస్టిక్ కడ్డీ కరిగించి వెల్డింగ్ చేయాలి. పాత ఓనరు ఎవరో నాలుగు రకాల జిగురు పూసి ఉంచారు. అదంతా పెచ్చులుగా లేచొచ్చింది. వైర్లని ఎలుకలు కొరికేసి ఉంటే మొత్తం వైరింగ్ కొత్తగా లాగాను.

సొంత హంగుల విషయానికొస్తే, జనం వేసే ఇనుము చూస్తే నాకు భయమేస్తుంది. మందపాటి బంపరు, పైన లగేజీ చట్రం, రెండు బ్యాటరీలు. ఇది తేలాల్సిన వస్తువు. నీళ్ల మీద మోసే బరువు నేల మీద మోసేదానికంటే తక్కువ, మాన్యువల్లో ఉంటుంది, చదవండి. పైన పెట్టిన ప్రతి కిలో తొట్టి అంచుని నీళ్లకి దగ్గర చేస్తుంది. నేను వేసినవి: ఎల్ఈడీ లైట్లు, కూరుకుపోయిన బండిని లాగే విన్చ్‌కి ఉక్కు తాడు బదులు సింథటిక్ తాడు, గంటకి 1,100 గ్యాలన్లు తోడే రెండో పంపు, నీళ్లు చేరగానే దాన్ని ఆన్ చేసే ఫ్లోట్ స్విచ్చు. ఆ పంపు గొట్టాన్ని నీటిమట్టం కంటే బాగా పైకి తీసుకెళ్లి బయటికి వదలాలి. లేకపోతే పంపు ఆగాక చెరువు నీళ్లు అదే దారిలో లోపలికి వస్తాయి.

తెలిసిన రైతు గారి చెరువులో దింపాం. తొట్టి అడుగున నీళ్లు వదిలే కన్నానికి మూత, డ్రెయిన్ ప్లగ్గు, బిగించామా లేదా అని మా అబ్బాయితో చూపించి మరీ. టైర్లలో గాలి రెండు మూడు పీఎస్ఐ మించదు, ఉబ్బిన ఆ టైర్లే సగం తేలిస్తాయి, వాటి మీది గట్లే తెడ్లు. వేగం మనిషి నడకంత. ఎదురుగాలి వస్తే అదీ ఉండదు. రోజూ నీళ్ల మీద తిరగాలంటే వెనక పడవలకి పెట్టే చిన్న ఔట్‌బోర్డ్ మోటారు తగిలించుకోవాలి. కానీ ఒడ్డున మోకాలి లోతు బురదలోంచి, మనం దిగితే కూరుకుపోయే చోట నుంచి ఇది జారకుండా పైకి ఎక్కేసింది చూడండి, పెట్టిన డబ్బు అక్కడ గిట్టింది. వీడియో చూసి మా నాన్న, “బాగానే ఉందమ్మాయ్, లీటరుకి ఎంతిస్తుంది?” అన్నారు. దీనికి లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో నాన్నా అన్నాను.

తీసేసిన స్టారు సంగతి: ఈ జాతి బండ్లన్నిటికీ ఉన్న గుణమే, ఒక్క చైను మార్చాలంటే సీటూ ఫ్లోరూ సగం బండీ విప్పాలి. దానికితోడు ఇంజిన్ మోత, చెవులకి మఫ్‌లు లేకుండా మాట్లాడుకోలేం. ఒంటారియోలో రిజిస్ట్రేషనూ ఇన్సూరెన్సూ హెల్మెట్టూ ఉండాలని కూడా లెక్కలో వేసుకోండి.

గ్యారేజీ లేనివాళ్లూ, ట్రైలర్ లేనివాళ్లూ దీని జోలికి పోవద్దు. రెండూ ఉండి, చేతులకి గ్రీజు అంటినా ఫర్వాలేదనుకుంటే, ఇంజిన్ చచ్చి యాక్సిళ్లు గట్టిగా ఉన్న బండి వెతకండి. అమ్మేవాడు ఇంజిన్ పోయిందని తగ్గించి చెబుతాడు, మీకు పని సగానికి తగ్గుతుంది.