ఎన్టీఆర్ మీద గంట, మా నాన్న మీద పన్నెండు సెకన్లు

ఆదివారం రాత్రి ఒక వార్తా చానల్‌లో ఎన్టీఆర్ మీద డాక్యుమెంటరీ వేశారు. గంట కార్యక్రమంలో ప్రకటనలే పదిహేడు నిమిషాలు. గోడ గడియారం చూసి మరీ లెక్కపెట్టాను.

శంఖనాదంతో మొదలైంది. 1982 మార్చి 29న పార్టీ ప్రకటన, వెంటనే సినిమాలోని కృష్ణుడు, ఆ తర్వాత చైతన్యరథం, మళ్ళీ కృష్ణుడు. ఆయన వేషానికీ మనిషికీ మధ్య గీత ఎక్కడుందో చెప్పే పని ఎవరూ పెట్టుకోలేదు. ప్రచార సభలను నటులతో తీసి, రంగులు తీసేసి చూపించారు. ఆ జనం వెనకాల ఫ్లెక్సీ! ఆ రోజుల్లో గోడల మీద రాతలు, గుడ్డ బ్యానర్లే గానీ ఫ్లెక్సీ ఎక్కడిది?

1984 ఆగస్టు భాగం మాత్రం నిజంగా బాగుంది. గవర్నరు రాంలాల్ 16న ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయడం, ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావు 31 రోజుల పాలన, ఢిల్లీలో చక్రాల కుర్చీలో ఎన్టీఆర్. ఇక్కడ దర్శకుడికి ఏం తోచిందో సంగీతం ఆపేశాడు. ఒక ముసలి విలేకరి టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఎమ్మెల్యేలు చేజారిపోకుండా ఎలా కాపాడుకున్నారో చెబుతుంటే టీ చల్లారిపోయింది, నేను కదలలేదు.

దానికి ఏడు నెలల ముందటి సంగతి దగ్గరే నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో శిస్తు వసూలు, భూమి లెక్కలు చూసే మునసబు, కరణాల పదవులను రద్దు చేస్తూ 1984 జనవరి 6న ఆర్డినెన్సు వచ్చింది. ఊళ్ళను అంతగా కుదిపిన సంగతికి ఒక్క వాక్యం, పన్నెండు సెకన్లు. మా నాన్న కృష్ణా జిల్లాలో ఒక ఊరి కరణం. ఎర్రగుడ్డలో కట్టిన దస్త్రాలు, అడంగళ్ళు అప్పగించి వచ్చి పడక కుర్చీలో కూర్చున్నారు. భోజనానికి పిలిచినా లేవలేదు. అదే సాయంత్రం మా వీధిలో ఒక రైతు బెల్లం పంచాడు. కరణం కలం కదిలితే పొలం గట్టు కదులుతుందని ఊళ్ళో భయపడేవారు. ఆ భయం వట్టిది కాదని నాన్నకూ తెలుసు. ఆ పడక కుర్చీ, ఆ బెల్లం రెండూ చూపించగలిగితే కృష్ణుడి అవసరమే ఉండేది కాదు.

వ్యాఖ్యాత గొంతు బాగుంది గానీ ప్రతి వాక్యానికీ ఉద్వేగమే. కిలో రెండు రూపాయల బియ్యం గురించి చెప్పేటప్పుడూ యుద్ధం ప్రకటిస్తున్నట్టే.

వచ్చే ఆదివారం ఎన్టీఆర్ పదవి పోగొట్టుకున్న 1995 ఆగస్టు గురించి రెండో భాగమట. అది చూస్తానో లేదో గానీ ముందు ఇంకో పని ఉంది. కరణాల మాట వచ్చినప్పుడు అమ్మ మందు బిళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. వచ్చి కూర్చుని, "మీ నాన్నగారి సంగతి ఇంకా రాలేదా?" అని అడిగింది. యూట్యూబులో కూడా పెట్టారు కాబట్టి ఆ పన్నెండు సెకన్లూ రేపు ఆమెకు మళ్ళీ వేసి చూపించాలి.